నూకాలు చూసిన సినిమా

2071 నాటికి విశాఖలో ఒకే హాల్లో పక్కపక్కన కూర్చున్నా ఎవరి సినిమా వాళ్లదే. నుదుటికి కట్టే పట్టీ చూసేవాళ్ల మెదడులోంచి ఇళ్లనీ మొహాలనీ తెచ్చి కథలో అమర్చేది. ప్రేమకూ హాస్యానికీ ఎప్పుడో అనుమతి వచ్చింది. భయానికే ఇంకా రాలేదు.

డాక్టర్ హైమవతి పదేళ్లు చచ్చీచెడీ తయారుచేసిన ‘భయదర్శిని’ యంత్రానికి ఆ ఉదయమే ఆఖరి పరీక్ష. కథ చిన్నది: ఇంట్లో ఒంటరి మనిషి, తలుపు తోసుకొచ్చే ఆగంతకుడు. ల్యాబ్‌తో సంబంధం లేని మనిషి కావాలని అనుమతి సంఘం అడిగితే, తన ఇంట్లో పద్దెనిమిదేళ్లుగా వంట చేస్తున్న నూకాలును తీసుకొచ్చింది.

“మా ఇంటికి దొంగొస్తే జాలేసి ఆడే ఏదోటి ఎట్టెల్తాడమ్మగారూ,” అని నవ్వుతూనే నూకాలు పట్టీ కట్టించుకుంది.

ఆమె చూసేదంతా పెద్ద తెర మీద పడింది. కొండవాలులో ఒంటిగది ఇల్లు, మిట్టమధ్యాహ్నం. గొళ్లెం కదిలింది. సంఘం సభ్యులు కుర్చీల అంచుకు జరిగారు. వచ్చిన మనిషికి ముసుగు లేదు, కత్తి లేదు. ఒక ఆడమనిషి చెప్పులతోనే లోపలికొచ్చి బియ్యం డబ్బా నేల మీద కుమ్మరించింది. ట్రంకుపెట్టెలో చీరలు ఒక్కొక్కటే దులిపింది. గోడకు అంటుకుపోయిన నూకాలు కొంగుముడి విప్పించి చూసింది. వెళ్లబోతూ ఇటు తిరిగింది.

హైమవతి.

సంఘం పెద్ద రామభద్రరాజు నవ్వేశాడు. ఎదురుగా నిలబడ్డారు గనక మీ మొహమే అంటుకున్నట్టుంది, ఇంత లోపముంటే అనుమతి ఇవ్వలేమన్నాడు.

నూకాలు పట్టీ తీసేసింది. “అవునండి బాబూ. మిసనుదే తప్పండి.”

ఊరుకుంటే హైమవతి పరువు దక్కేది. పదేళ్ల కష్టం మట్టిలో కలిసేది.

“లోపం లేదండి. గొలుసు పోయిందని ఆవిడ ఇంటికి అలాగే వెళ్లాను,” అంది. నాలుగోనాడు అది తన బీరువాలోనే దొరికిందనీ చెప్పింది.

యంత్రం అంత కచ్చితంగా పట్టుకున్నందుకు సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆమె నిజాయితీని మెచ్చుకుంటూ సంతకాలు చేశారు.

నూకాలు దగ్గరకొచ్చి, పక్కవాళ్లకు వినిపించకుండా అడిగింది.

“గొలుసు దొరికిందా అమ్మగారూ? పదకొండేళ్లయింది, నాకు తెల్దు.”

హాలంతటికీ చెప్పిన ఆ ఒక్క మాటా ఆమెకు చెప్పకుండా హైమవతి సంతకాల కాగితాలు సర్దుకోసాగింది.