కారు ఎత్తిన ఫోను

మంగళవారం ఉదయం ఆరూ పదికి, ఎల్బీనగర్‌లో ఒక సందులో, లింగస్వామి తన కారు స్టార్ట్ చేశాడు. స్పీకర్లలోంచి దేవుడి పాట రాలేదు. మగగొంతు వచ్చింది.

"జ్యోతికా, వినవడ్తుందా? పదింటికి టెస్టు. బస్సు నేను తెస్త. మీ నాయనకు ఇంకా చెప్పలే గదా?"

లింగస్వామి క్యాబ్ నడుపుతాడు. తొలి కిరాయికి ముందు పాట వింటాడు. సందు చివరిదాకా వినపడేలా పెడతాడు. ఇప్పుడు సౌండ్ తగ్గించాలని తోచలేదు.

"నాయననే మాట్లాడుతున్న," అన్నాడు. "నువ్వెవరు?"

అవతల ఫోను పెట్టేశారు.

కారు కొత్తలో, తెర మీది ఇంగ్లిషు అతనికి అర్థం కాకపోతే, కూతురు జ్యోతిక కూర్చుని అంతా సరిచేసింది. పనిచేస్తుందో లేదో చూడటానికి ముందు బ్లూటూత్‌తో తన ఫోను కలిపింది. తీసేయడం మర్చిపోయింది. పాటలు పెన్‌డ్రైవ్‌లోవి కాబట్టి ఆరు నెలలుగా ఎవరూ గమనించలేదు. వాళ్లుండేది మొదటి అంతస్తు. కారు ఆగేది బాల్కనీ కింద. ఆమె బాల్కనీలో మాట్లాడుతుండగా కారు స్టార్ట్ అయింది. మాట కారులోకి వెళ్లింది.

కింది వాటాలో ఇంటి ఓనరు సాంబమూర్తి పేపరు మడిచాడు.

"ఏవయ్యా లింగస్వామీ, అమ్మాయి బస్సు తోలుతుందా ఏంటి? మాకు చెప్పనేలేదే."

"నాకు గూడ ఇప్పుడే తెలిసింది సార్," అని లింగస్వామి మెట్లెక్కాడు.

జ్యోతికకు ఇరవై మూడేళ్లు. ఫోను చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లింగస్వామి భార్య అండాలమ్మ అన్నం గిన్నె దించుతోంది.

"ఎవడాడు?" అని కూతురిని అడిగాడు.

"మహేందర్ సార్. చంపాపేట్ల డ్రైవింగ్ స్కూలు. బస్సు తోలే హెవీ లైసెన్సుకు నేర్పుతున్నడు."

"మరి దిల్‌సుఖ్‌నగర్ల బ్యాంకు కోచింగ్?"

"నాలుగు నెలల సంది పోతలేను."

అతను భార్య వైపు తిరిగాడు. "నీకెరుకేనా?"

"ఎరుకే. చెప్తే గిట్లనే అరుస్తవని చెప్పలే."

"నేను అరుస్తలేను."

అతను అరవడం లేదు.

"పదకొండేండ్లు లారీ తోలిన," అన్నాడు కూతురితో. "విజయవాడ రోడ్డు మీద క్యాబిన్ల పండుకున్న. నువ్వు నడక నేర్చింది నేను చూడలే. గా పని నీకెందుకు బిడ్డా?"

"సిటీ బస్సు నాయనా. డ్యూటీ దిగి ఇంటికొస్త. బ్యాంకు పరీక్ష నాలుగుసార్లు రాసిన, నాలుగుసార్లు పోయింది. నాకు తోలుడు వస్తది."

"ఇయ్యాల పోకు."

"పోతా. నువ్వు దింపకపోతే ఆటోల పోతా."

అండాలమ్మ ముగ్గురికీ కంచాలు పెట్టింది.

"కారు నేర్పింది నువ్వే గద," అంది భర్తతో. "బస్సు కాడికొచ్చేసరికి బయటోడి దగ్గరికి ఎందుకు పోయింది? నిన్నే ముందు అడిగింది. ఆడపిల్లకు హెవీ ఏందని చుట్టాల ముందట నవ్వినవ్. మా తమ్ముడు గూడ నవ్విండు. పొల్ల ఆ దినం అన్నం తినలే. యాదికున్నదా?"

లింగస్వామి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. రెండోసారి కూడా తుడుచుకున్నాడు.

"టెస్టు యాడ?"

"నాగోల్ల."

"తొమ్మిదింటికి ఎల్లాలె. తిను."

ఆ రోజు అతను కిరాయిలు పట్టలేదు. పదీ నలభైకి జ్యోతిక నడుపుతున్న బస్సు టెస్టు ట్రాక్‌లోకి వెళ్లింది. అతను గేటు బయట నిలబడ్డాడు. రివర్సులో బస్సు వెనక చక్రం గీత దాటింది. ఆమె ఫెయిలైంది. వారం దాటాక మళ్లీ టెస్టుకు రావచ్చని చెప్పారు.

తిరుగు దారిలో కారు కొత్తపేట దాటింది.

"నవ్వకుంట ఉండాల్సింది," అన్నాడు లింగస్వామి.

జ్యోతిక కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

"బస్సు పొద్దున దొరుకుతదేమో మీ సార్ను అడుగు," అన్నాడు.

బుధవారం ఉదయం అయిదున్నరకు, పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఒక ఖాళీ స్థలంలో, సున్నంతో గీసిన రెండు గీతల మధ్యకు డ్రైవింగ్ స్కూలు బస్సు వెనక్కి వచ్చింది. స్టీరింగ్ దగ్గర జ్యోతిక, పక్కన మహేందర్ ఉన్నారు. బస్సు వెనక నిలబడి "రానీ, రానీ" అని చేయి ఊపాడు లింగస్వామి. మూడోసారికి చక్రం గీత లోపల ఆగింది.