ఫిలొమినాకి మందారాకులు

అప్పటికి ఎవారిస్తో చేతిలో ఉన్నవి మసాయా బజారులో ఒక కూరగాయల బల్ల, మోసం చేయని త్రాసు, కాస్త పదునైన నోరు. పెళ్లి ఊసు లేదు. రోజూ పొద్దున్నే వచ్చే ఒక బేరం మాత్రం ఉంది.

ఆమె పేరు ఒందీనా, బట్టలు కుట్టే పని. లేత మందారాకులు, గుమ్మడిపూలు ఒక్కొక్కటే ఏరి తీసుకునేది. మందు కొట్టిన వాసన వస్తే పక్కన పడేసేది. ఇంట్లో ఇగ్వానా ఉందట, ఆకులు తినే పెద్ద తొండలాంటిది, ఇవన్నీ దానికట. లెట్యూస్‌లో నీళ్లు తప్ప ఏమీ లేవనీ, అవకాడో దానికి విషమనీ అడగకుండానే చెప్పేది. ఆ చెప్పడం వినడానికే అతను తూకం ఆలస్యం చేసేవాడు.

ఈస్టర్ ముందరి ఉపవాసాలు వచ్చాయి. మాంసం ముట్టని ఆ రోజుల్లో ఇగ్వానా మాంసం కింద లెక్క కాదు, ఊరంతా దాని సూపే. ఇంత శ్రద్ధగా మేపేది పండక్కేనని ఎవారిస్తో లెక్క కట్టాడు. మంచి చేసుకుందామని ఆమె బుట్టలో గుప్పెడు జాఫ్రా గింజలు ఊరికే వేశాడు.

"ఇవెందుకండీ?"

"సూపుకి రంగు రావద్దూ? మీరు మేపిన తీరుకి కొవ్వు బాగానే పట్టి ఉంటుంది."

ఒందీనా బుట్ట బల్ల మీద దింపింది.

"దాని పేరు ఫిలొమినా. నా భుజం మీద నిద్రపోతుంది. పేరున్నవాళ్లని కూడా వండుకు తింటావా నువ్వు?"

మర్యాద అక్కడితో సరి. గింజలన్నీ అతని త్రాసులో కుమ్మరించి, ఎదురుగా ఉన్న మెలిదా పిన్ని బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఎవారిస్తోకి ఒళ్లు మండింది. ఊరు ఊరంతా తింటుంటే తనొక్కడే రాక్షసుడా? పైగా బజారులో ప్రతివాడూ ఫిలొమినా కులాసాయేనా అని అడగడం. సాయంత్రానికి గుమ్మడిపూలు వాడిపోయేవి. ఆ నష్టం ఎంతో అతనికి తెలుసు. అంతకంటే బరువైనదేదో పోతోంది, దాన్ని తూచే రాయే తన దగ్గర లేదు.

మట్టల ఆదివారం ముందురోజు ఒందీనా మళ్లీ ఎదుటి బల్లకే వచ్చింది. రోజూ ఏరి తీసుకునే మనిషి, ఇటు చూడకూడదన్న పంతంలో కట్ట కట్టంతా బుట్టలో వేసుకుంది. మందారాకుల మధ్య సన్నటి ఆకులు ఎవారిస్తో కంటపడ్డాయి. బల్ల వదిలి వచ్చి, కట్ట లాక్కున్నాడు.

"ఇది దానికి పెట్టకు."

"వేరేచోట కొన్నానని ఏడుపా?"

అతను ఆ సన్నటి ఆకుల రెమ్మ ఒకటి విరిచాడు. తెల్లటి పాలు ఉబికాయి. పచ్చగన్నేరు, ఒట్టి విషం. చర్చి పీఠం అలంకరణకి కట్టిన కట్టలోది పొరపాటున కలిసిపోయిందని మెలిదా పిన్ని నెత్తి కొట్టుకుంది. ఒందీనా బుట్ట బోర్లించి దులిపింది.

"సూపు తాగేవాడివి, నీకెందుకు?" అంది, గొంతు తగ్గించి.

"ఈ ఏడు మా పొయ్యి మీద ఆ కుండ ఎక్కదు. ఎవరి కోసమని అమ్మ అడిగితే ఫిలొమినా కోసమంటాను. అది అబద్ధమని నీకు తెలుసు."

గుడ్ ఫ్రైడే నాడు సూపు లేదనగానే అతని తల్లి క్లొతీల్దె భగ్గుమంది. తన అమ్మమ్మ నాటి వంట ఆపించిన మహారాణిని చూడాల్సిందేనని ఒందీనా ఇంటికే బయల్దేరింది. గడప దాటగానే ఫిలొమినా గడ్డం కింది తోలు విప్పి, ఆమె మీదికి తలాడించింది.

"దీనికీ నాకున్నంత పొగరుంది," అని క్లొతీల్దె అక్కడున్న గుమ్మడిపువ్వు అందించింది. అది తినేదాకా నిలబడి చూసి, ఒందీనా వైపు తిరిగింది. "మా వాడూ ఏది పెడితే అది తినేస్తాడమ్మా. ఇక నువ్వే ఏరి పెట్టాలి."

మొత్తం మీద ఎవారిస్తోకి పోయింది ఏడాదికొకసారి తాగే సూపు, ఒక మంచి బేరం. ఒందీనా ఇప్పుడు బల్లకి ఇటువైపు నిలబడుతుంది. మేలైన గుమ్మడిపూలు ఎవరికీ అమ్మనివ్వదు, అవి ఫిలొమినావి. గొడవ పడదామని రోజూ అనుకుంటాడు. ఆమె ఏరుతుంటే చూస్తూ, ఆ మాట మరిచిపోతాడు.