నీలం డబ్బాలోని స్క్రూడ్రైవర్

"ఎవరు మా లిఫ్ట్ గొంతు మార్చింది?"

పనిముట్లు సర్దుకుంటున్న మెకానిక్ తలెత్తాడు. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఆగిన లిఫ్ట్ లోపల, నేల మీద ఏడేళ్ళ పాప రెండు చెవులూ మూసుకుని కేకలు పెడుతోంది. పక్కనే నేల మీదే కూర్చుని ఉంది వాళ్ళమ్మ. మెడలో ఇంకా కళ్ళజోళ్ళ షాపు ఐడీ కార్డు ఉంది.

"నేనేనండీ. పాత స్పీకరు గరగరలాడుతోందని మ్యూజిక్‌తో కొత్తది పెట్టాను. బాలేదా?"

"పాతదే పెట్టండి."

"అది స్టోర్‌కి పంపేశాను మేడమ్. గొంతేగా! రెండ్రోజుల్లో పాపకి అలవాటైపోతుంది."

ఆమె చూసింది. అలాంటి చూపు తగిలితే ఇనుప తాడు కూడా తెగుతుంది.

"మా అమ్మాయికి ఆటిజం. రోజంతా స్కూల్లో గోల ఓర్చుకుని, ఐదింటికి వచ్చి ఈ లిఫ్ట్‌లో ఆరంతస్తులూ ఎక్కుతుంది. ఆ గరగర గొంతు చెప్పేదల్లా తనూ చెబుతుంది. అప్పుడుగానీ దాని ప్రాణం కుదుటపడదు. మీకేం, గొంతేగా!"

మెకానిక్ బ్యాగు భుజాన వేసుకుని పరిగెత్తాడు. స్టోర్‌లో తుక్కు మూటలు ఆరు విప్పితే ఏడో దాంట్లో దొరికింది పాత స్పీకరు. మర్నాడు ఐదింటికల్లా బిగించేశాడు.

"తలుపులు మూసుకుంటున్నాయి. దయచేసి జరగండి," అంది లిఫ్ట్, జలుబు చేసిన టీచర్లా.

పాప స్పీకరుకి చెవి ఆనించి విన్నది. తనూ అన్నది. తర్వాత మొహం చూడకుండానే అతని జేబులోంచి స్క్రూడ్రైవర్ లాగి, తిప్పి చూసి, మళ్ళీ అదే జేబులో పెట్టింది.

"దీనర్థం ఏంటండీ?"

"పాసయ్యారు," అంది పాప వాళ్ళమ్మ.

"హమ్మయ్య! ఇన్‌స్పెక్టర్ గారికి థాంక్స్ చెప్పండి."

ఆమె నవ్వింది. అతని గుండెలో ఎక్కడో ఓవర్‌లోడ్ అలారం మోగింది.

అప్పటిదాకా నెలకోసారి సర్వీసింగ్ చాలిన ఆ లిఫ్ట్‌కి ఉన్నట్టుండి వారానికోసారి అవసరం పడింది. ప్రతి బుధవారం, సరిగ్గా ఐదింటికి. ఇన్‌స్పెక్టర్ గారి తనిఖీ అయ్యాక, ఆరో అంతస్తులో వాళ్ళింట్లో టీ.

"ఏం బాబూ, మా లిఫ్ట్‌కి వారం వారం జ్వరం వస్తోందా?" అంది టీ అందిస్తూ పాప అమ్మమ్మ.

"పాత మెషీన్ కదండీ, కనిపెట్టుకుని ఉండాలి."

"లిఫ్ట్‌నేనా?"

అతనికి పొలమారింది.

ఆ ఇంట్లో గోడ మీద పాప దినచర్య అంతా బొమ్మల కార్డుల్లో ఉండేది. బ్రష్, స్కూల్ బస్సు, లిఫ్ట్, అన్నం కంచం. పొద్దున్నే పాపే వరసగా అంటించేది. రోజూ వాడేవి ఎర్ర డబ్బాలో, డాక్టరూ హెయిర్ కటింగూ లాంటి అప్పుడప్పుడూ వచ్చేవి నీలం డబ్బాలో. ఆ నీలం డబ్బాలోకి స్క్రూడ్రైవర్ కార్డొకటి చేరింది.

అతనూ నేర్చుకున్నాడు. చెప్పకుండా ముట్టుకోకూడదు. మాట ఇస్తే మాటే. ఓసారి "ఒక్క నిమిషం ఇన్‌స్పెక్టర్ గారూ" అంటే, పాప గోడ గడియారం చూస్తూ నిలబడి, అరవయ్యో సెకనుకి అతని చేతిలో స్పానర్ లాగేసుకుంది.

ఏడో బుధవారం అతను ఐదింటికి రాలేదు.

వచ్చేసరికి ఏడు దాటింది. పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. ఆమె తలుపు సగమే తీసింది.

"లిఫ్ట్‌లో... ఇరుక్కుపోయానండీ. ఊరవతల బిల్డింగ్‌లో. ఫోన్ సిగ్నల్ లేదు."

లిఫ్ట్ మెకానిక్ లిఫ్ట్‌లో ఇరుక్కోవడం! ఇంకోరోజైతే ఆమె వారంపాటు నవ్వేది.

"మీ తప్పని అనను. కానీ అది గంటన్నర లిఫ్ట్ ముందే నిలబడింది. చెయ్యి రక్తం వచ్చేలా కొరుక్కుంది. వాళ్ళ నాన్న కూడా వస్తానని చెప్పి వెళ్ళినవాడే. ఇకమీదట పనుంటే పొద్దున, అది స్కూల్లో ఉన్నప్పుడు చూసుకోండి."

"ఇంకెప్పుడూ ఆలస్యం చెయ్యనని ఒట్టేస్తే?"

"మీ ఒట్టు సంగతి ట్రాఫిక్‌కి తెలుసా?"

తలుపు మూసుకుంది.

తర్వాతి బుధవారం పొద్దున, పాప స్కూల్ బస్సెక్కగానే అతను తలుపు తట్టాడు. చేతిలో ఒక కార్డు. స్క్రూడ్రైవర్ బొమ్మ, దాని మీద ఎర్ర ఇంటూ గుర్తు.

"ఏంటిది?"

"నేను రాని రోజు కార్డు. రానని తెలిస్తే పొద్దున్నే చెబుతాను, ఇది ఇవ్వండి. మధ్యలో ఇరుక్కుంటే మా ఆఫీసు వాళ్ళు మీకు ఫోన్ చేస్తారు, నంబర్ ఇచ్చి వచ్చాను. ఎప్పుడూ వస్తానని చెప్పలేనండీ. రాకపోతే మాత్రం ముందే తెలిసేలా చెయ్యగలను."

ఆమె చాలాసేపు ఆ కార్డునే చూసింది. వస్తానన్నవాళ్ళని చూసింది గానీ, రాని రోజు గురించి ఇంత ఆలోచించినవాణ్ణి చూడలేదు.

"ఇది స్క్రూడ్రైవరా, టూత్‌బ్రషా?"

"డ్రాయింగ్‌లో ఫెయిలండీ."

"నేను మళ్ళీ గీస్తాలెండి. వచ్చే బుధవారం మీరు రాకండి. చూద్దాం."

ఆ బుధవారం రాత్రి భోజనాల వేళ ఫోన్ మోగింది.

"మీరు రాలేదు. ఏమీ కాలేదు! కార్డు అంటించింది, లిఫ్ట్ ఎక్కింది, అన్నం తినేసింది!"

"నేను రానందుకు ఇంత సంతోషించినవాళ్ళు ఎవరూ లేరండీ."

ఆమె గొంతు తగ్గించింది.

"సంతోషం దానికి. నాకే... లిఫ్ట్ చప్పుడైనప్పుడల్లా తలుపు వైపు చూడబుద్ధయింది."

మెకానిక్ మనసు ఆ రాత్రి లిఫ్ట్ లేకుండానే ఆరంతస్తులు ఎక్కింది.

మళ్ళీ బుధవారం. టీ అయింది. పాప గోడ మీది కార్డులు తీసి సర్దుతోంది. బ్రష్, బస్సు, కంచం ఎర్ర డబ్బాలోకి. వాటి వెనకే స్క్రూడ్రైవర్ కూడా.

"బుజ్జీ, అది నీలం డబ్బాది కదూ? రోజూ కాదుగా!" అంటూ ఆమె చెయ్యి చాపింది.

"తలుపులు మూసుకుంటున్నాయి. దయచేసి జరగండి," అంది పాప. ఎర్ర డబ్బా మూత టప్పున మూసేసింది.

"ఇన్‌స్పెక్టర్ ఆర్డరేసింది," అంది అమ్మమ్మ గ్లాసులు తీస్తూ. "ఇంక అప్పీలు లేదు. ఏమ్మా, జరగమంటోందిగా?"

ఆమె చెంపలు ఎర్ర డబ్బాతో పోటీపడ్డాయి. సోఫాలో పక్కకి జరిగి, నిలబడే ఉన్న మెకానిక్‌కి చోటిచ్చింది.