యాదలక్ష్మి మోసిన నింద

"నువ్వే కొట్టినవ్! మా అమ్మను నువ్వే పడేసినవ్! నిన్నటిదాక నడిచిన మనిషి గిట్ల కట్టెలెక్క ఎందుకు పడి ఉంటది?"

నల్లగొండలో ఒక దవాఖాన వరండా అది. వచ్చేపోయేవాళ్లంతా వింటుండగా ఆడబిడ్డ భాగ్యశ్రీ అరిచిన అరుపుకు యాదలక్ష్మి గోడకు అతుక్కుపోయింది. ఏం చెప్పాలి?... పొద్దున హాలియాలో, ఇంటి వెనక, అత్త గోవిందమ్మకు తానే నీళ్లు పోసింది. ఒళ్లు తుడిచి చీర చుడుతుంటే, "తల పగిలిపోతాందే..." అంటూ ఆ ముసలామె వాంతి చేసుకుని తన ఒళ్లోకే ఒరిగిపోయింది. అంతే! ఆ తరువాత కళ్లు తెరవలేదు.

కానీ ఎవరు నమ్ముతారు? గోవిందమ్మకు మతిమరుపు జబ్బు వచ్చి నాలుగేళ్లు. మొదట కూరలో ఉప్పు మరిచింది. తరువాత పొలం దారి మరిచింది. ఆఖరికి కన్నకొడుకు వెంకన్న పేరే మరిచిపోయింది! ఆమెను కనిపెట్టుకుని ఉండటానికి యాదలక్ష్మి బడిలో వంట పని మానుకుంది. కడుపునిండా తినిపించిన గంటకే ఆమె అరుగు మీద కూర్చుని, "నా కోడలు నాకు బువ్వ పెడ్తలేదు, కొడ్తాంది" అని దారిన పోయేవాళ్లకు చెప్పుకునేది. పక్కింటి జానయ్య జాలిపడి బిస్కెట్లు తెచ్చిచ్చేవాడు. యాదలక్ష్మి సిగ్గుతో చచ్చిపోయేది... అయినా ఒక్కనాడూ అత్తను పల్లెత్తు మాట అనలేదు.

ఇంతలో భర్త వెంకన్న దగ్గరికి వచ్చాడు. ఆమెకు కొండంత ధైర్యం వచ్చింది. అతను గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం చెప్పు యాదీ... కోపంల జర నెట్టినవా?"

భాగ్యశ్రీ అరుపులకు రాని కన్నీళ్లు ఆ ఒక్క ప్రశ్నకు ఉబికి వచ్చాయి.

స్కానింగ్ చూసిన డాక్టరు ముగ్గురినీ లోపలికి పిలిచాడు.

"ఎవరూ కొట్టలేదమ్మా. దెబ్బ ఆనవాలే లేదు. ఈ మతిమరుపు జబ్బులో అమిలాయిడ్ అనే పదార్థం మెదడులో పేరుకుంటుంది. కొందరికి మెదడులోని రక్తనాళాల గోడల్లో కూడా చేరుతుంది. అప్పుడవి పెళుసుబారి, ఏ దెబ్బా తగలకుండానే చిట్లిపోతాయి. ఈమెకు జరిగింది అదేననిపిస్తోంది. ఇంతకుముందు కూడా కొద్దికొద్దిగా రక్తం కారిన గుర్తులున్నాయి." ఆయన ముగ్గురి వైపూ చూశాడు. "రక్తం పల్చబడే గోళీలేమైనా వేస్తున్నారా?"

భాగ్యశ్రీ ముఖం పాలిపోయింది. ఆరునెలల కింద, "మా వాడకట్టుల ఒకామెకు పక్షవాతం వచ్చింది, మా అమ్మకు రావద్దు" అంటూ మిర్యాలగూడ మందుల దుకాణంలో అడిగి ఆ గోళీలు తెచ్చింది తానే! రోజూ మరవకుండా వెయ్యమని యాదలక్ష్మితో ఒట్టు వేయించుకుంది కూడా!

"నేనే ఏసిన సారూ... పొద్దుగాల ఒకటి. ఎవ్వలు రాయలే. నేనే తెచ్చిన" అంది యాదలక్ష్మి.

"అడక్కుండా ఎలా వేస్తారమ్మా? జబ్బు వాటివల్ల రాలేదు గానీ, రక్తం ఎక్కువ కారడానికి అవీ కారణం కావచ్చు!"

డాక్టరు కోప్పడుతుంటే ఆమె తల వంచుకుని నిలబడింది. బయటికి రాగానే భాగ్యశ్రీ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు మీదేసుకున్నవే?"

"ఎట్లాగు నా మీద నింద ఉండనే ఉన్నది వదినె... ఇంకొకటైతే ఏమైతది? నువ్వు కన్నబిడ్డవు. అమ్మను నేనే చంపుకున్ననని బతుకంత ఏడుస్తవు. నువ్వు ప్రేమతోనే తెచ్చినవ్ గద!"

భాగ్యశ్రీ ఆ వరండాలోనే కూలబడి, మరదలి కాళ్లు చుట్టేసుకుంది. "నేను తెచ్చిన గోళీలు తమ్ముడా! నేను... నేను!" అని వెంకన్నతో గుండెలు బాదుకుంటూ చెప్పింది. యాదలక్ష్మి ఆమెను లేవదీసి, కొంగుతో ముఖం తుడిచింది.

గోవిందమ్మకు తెలివి రాలేదు. తొమ్మిదో రోజు ప్రాణం పోయింది. ఆ తొమ్మిది రోజులూ వదినా మరదళ్లిద్దరే ఒకరి తరువాత ఒకరు ఆమె పక్కన కూర్చున్నారు.

పెద్ద దినం ముగిసి చుట్టాలు వెళ్లిపోయాక వెంకన్న వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

"తప్పైంది యాదీ... మనసుల పెట్టుకోకు."

యాదలక్ష్మి అతని వంక చూసింది. కళ్లలో కోపం లేదు.

"మీ అక్క దూరంకెళ్లి వచ్చి అన్నది. ఆమెకేం తెలుసు? నువ్వు నాలుగేండ్లు ఇంట్ల ఉండి అడిగినవ్."

వెంకన్న తల దించుకున్నాడు. ఆమె పళ్లెంలో అన్నం పెట్టి, పప్పు పోసి, అతని ముందుంచింది. అతను తినేదాకా పక్కనే కూర్చుంది.