వల మీద కొల్లేరు

"లైట్లన్నీ ఆపేయండి."

ఆమె నాతో అన్న మొదటి మాట ఇది. నమస్కారం లేదు, పేరు లేదు.

2007 ఫిబ్రవరి. తాడేపల్లిగూడెంలో పరిషత్తు నాటికల పోటీలు. మూడు రోజులూ లైట్లు నావే. డిమ్మర్ బోర్డు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాను. ఆమె చేతిలో లాప్‌టాప్, భుజాన ప్రొజెక్టర్ సంచి. జడ రబ్బరు బ్యాండు ఊడిపోతోంది. పట్టించుకోలేదు.

"ఆపేస్తే నటులు చీకట్లో ఆడాలాండి?" అన్నాను.

"మీ లైట్లు పడితే నా తెర మీద బొమ్మ వెలిసిపోతుందండి."

"అది నా లైట్ల తప్పు కాదండి. మీ బొమ్మకి బలం లేదు."

ఆమె నన్ను కింద నుంచి పైకి చూసింది. "ఏం చదువుకున్నారు మీరు?"

"పదో తరగతి. కలిదిండిలో. లైటు వెయ్యడానికి అదీ ఎక్కువే."

ఆమె పేరు క్రిస్టినా. ఊరు పెంటపాడు. యూనివర్సిటీ నాటక విభాగంలో కాంట్రాక్టు లెక్చరరు. పిల్లలకు డిజిటల్ స్టేజి డిజైన్ చెబుతుంది, పరిశోధన కూడా దాని మీదే. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే. ఆమెకు కంప్యూటర్లో గీసిన స్టేజి తెలుసు, చెక్కల స్టేజి తెలీదు.

సగం లైట్లు తగ్గించాను. అంతకంటే తగ్గించనన్నాను.

ఆ నాటికలో కొల్లేటి జాలరి చనిపోతాడు. జాలరి వేషం వెంకట్రాజు గారిది. పెద్దాయన, మంచి నటుడు, పూర్తి బట్టతల. వెనక తెల్లగుడ్డ మీద కొల్లేరు వచ్చింది. బాగుంది, ఒప్పుకోవాలి. నీళ్ళు కదిలాయి. దూరం నుంచి కొంగ ఒకటి ఎగురుతూ వచ్చింది. వచ్చి సరిగ్గా వెంకట్రాజు గారి బట్టతల మీద వాలింది.

ఆయన ప్రాణం పోతోంది. జనం పడీ పడీ నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు తెలీదు. తన నటన చాల్లేదనుకుని ఇంకా గట్టిగా చచ్చిపోయారు. కొంగ కదల్లేదు.

నాటిక అయ్యాక స్టేజి వెనక కేబుళ్ళ పెట్టె మీద కూర్చుంది క్రిస్టినా. ఏడవలేదు. బ్యాండు పూర్తిగా ఊడిపోయింది.

"నవ్వుకోండి" అంది.

"ఇందాకే అయిపోయిందండి."

"చెప్పండి మరి. ఏం చెయ్యాలి?"

అలా అడుగుతుందనుకోలేదు. చదువుకున్నవాళ్ళు నన్ను అడగడం అదే మొదలు.

"బొమ్మ ఎదర నుంచి వస్తోంది కాబట్టి నటుడి మీద పడుతోంది. ఆయన్ని తెర వెనక పెట్టండి."

"గుడ్డ వెనక ఉంటే ఎలా కనపడతారు?"

"గుడ్డ ఎవరు పెట్టమన్నారండి? వల పెట్టండి."

మా అమ్మ మరియమ్మ కలిదిండిలో చేప పిల్లల చెరువుల దగ్గర వలలు కుడుతుంది. గుడ్డలాంటి వల, కన్ను సూది మొనంత ఉంటుంది. మా పెరట్లో ఆరేస్తుంది. ఎదర వెలుతురు పడితే అది గోడ. సాయంత్రం అమ్మ దాని వెనక లాంతరు పట్టుకు నడిస్తే వల ఉండదు, అమ్మే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. దానికో విలువ ఉందనుకోలేదు.

ఆమె లేచి నిలబడింది. "పెద్ద పెద్ద థియేటర్లకి ఇలాంటి తెర ఫారిన్ నుంచి తెప్పిస్తారండి. అది మీ పెరట్లో ఉందా?"

"ఉందండి. తాడు మీద."

*

జులైలో వచ్చింది కలిదిండి. బస్సు దిగి బురదలో చెప్పు పోగొట్టుకుని, రెండోది చేత్తో పట్టుకుని.

"ఒక్క చెప్పు ఎందుకమ్మా, పారెయ్యక?" అంది అమ్మ.

"మొదటిది దొరికితే ఏం చెయ్యాలండి?"

అమ్మకు ఆ జవాబు నచ్చింది. నాకు చెప్పలేదు. ఆ పూట ఆమెకు రెండు చేప ముక్కలు ఎక్కువ వేసింది.

మొదట ఆకుపచ్చ వల కట్టాం. దాని వెనక నేను నిలబడితే నీళ్ళలో నాని తేలిన శవంలా ఉన్నానంది క్రిస్టినా. తెల్లది కట్టాం. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది, వెనక మనిషి రాలేదు. అమ్మ చూసి చూసి, తెల్ల వలను నల్లరంగు నీళ్ళలో ముంచి తీసింది. బూడిద రంగు తేలింది. అతుకులు కనపడకుండా కుట్టింది.

లైట్లు నేను పక్క నుంచి వేశాను. పక్క నుంచి వేస్తే వెలుతురు మనిషి మీద పడుతుంది, వలకు తగలదు. ప్రొజెక్టర్ ఎంత ఎత్తులో పెట్టాలో, ఎంత వంచాలో ఆమె లెక్క కట్టింది. మూడు రోజులు పట్టింది. మూడో రోజు వల మీద కొల్లేరు నిలబడింది. నేను మీట నొక్కితే నీళ్ళ లోపల నుంచి మా అమ్మ కనపడింది. తగ్గిస్తే నీళ్ళలో కలిసిపోయింది.

"ఇంకోసారి" అంది క్రిస్టినా. పదకొండుసార్లు అంది.

అప్పుడే వాన దిగింది. ప్రొజెక్టర్ని చేపల ట్రేలో పెట్టి, పైన టార్పాలిన్ పట్టుకుని చెరో పక్కా నిలబడ్డాం. టార్పాలిన్ చిన్నది. ప్రొజెక్టర్ తడవలేదు. మేం తడిశాం.

"ఇంత చిన్న టార్పాలిన్ కావాలనే తెచ్చారా?" అంది.

"మా ఊళ్ళో చేపలకి ఇదే సరిపోతుందండి."

"నేను చేపనా?"

"కాదండి. చేపయితే ఇన్ని ప్రశ్నలు వెయ్యదు."

నవ్వింది. వాన ఆగాక కూడా కాసేపు టార్పాలిన్ దించలేదు. ఇద్దరం చూశాం ఆగిందని.

ఆగస్టులో ఏలూరులో అదే నాటిక, అదే వెంకట్రాజు గారు. ఈసారి ఆయన నీళ్ళలోనే చనిపోయారు. కొంగ ఆయన ముందు నుంచి ఎగిరిపోయింది. హాలులో ఒక్కడూ నవ్వలేదు.

"దీని మీద వ్యాసం రాస్తున్నాను. మీ పేరు, అమ్మ పేరు వేస్తాను" అంది వెళ్ళేముందు.

"వెయ్యండి. ఇంగ్లీషులో నా పేరొక్కటే చదవగలను."

*

డిసెంబరులో వెంకట్రాజు గారు ఏలూరులో లైట్లు అద్దెకిచ్చే నా కొట్టుకు వచ్చారు. యూనివర్సిటీ సెమినార్‌కి ఆయన్నీ పిలిచారు, దాని పుస్తకం పోస్టులో ముందే వచ్చింది. నలభై ఒకటో పేజీ తీశారు. వల ఫోటో. కింద రెండు పేర్లు. ప్రొఫెసర్ ప్రసాదరావు, క్రిస్టినా. ప్రసాదరావు గారంటే ఆమె పరిశోధనకు గైడు. కలిదిండి ఎటుందో కూడా ఆయనకు తెలీదు.

"చివర్లో ఇంకో మాట ఉంది రాజ్ కుమారూ" అన్నారు పెద్దాయన, ఇబ్బందిగా. "సహకారం, లోకల్ లేబర్."

క్రిస్టినా ఫోన్లు వచ్చాయి. ఎత్తలేదు. మూడో రోజు మనిషే వచ్చింది.

"ఫోన్ ఎత్తరేం?"

"లోకల్ లేబర్‌కి ఫోన్ ఎక్కడిదండి?"

 నెమ్మదిగా చెప్పింది. "నేనిచ్చిన కాగితంలో మీ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. సార్ తీసేసి ఆయన పేరు పెట్టుకున్నారు. అచ్చయ్యాక చూశాను. అడిగితే, పదో తరగతి వాడి పక్కన నా పేరు ఎలా వేస్తావమ్మా అన్నారు. ఈ నెల ఇరవై ఎనిమిదిన పర్మనెంట్ పోస్టుకి ఇంటర్వ్యూ. బోర్డులో ఆయనుంటారు. అందాకా నోరు మూసుకోమన్నారు."

"మూసుకోండి మరి."

"ఎల్లుండి సెమినార్లో వల చూపించాలి. ఇస్తారా?"

"ఇవ్వను."

"సరే" అంది. మళ్ళీ అడగలేదు. బతిమాలితే ఇంకో నాలుగు మాటలు అందామని దాచుకున్నాను. ఆ అవకాశమూ ఇవ్వకుండా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కలిదిండి వెళ్ళి అమ్మకు చెప్పాను.

"వల ఎవరిదిరా?" అంది అమ్మ.

"నీదే."

"ఇవ్వననడానికి నువ్వెవడివి? పట్టుకెళ్ళు. ఆ పిల్ల మన పేర్లు రాసిందో లేదో కూడా చూసిరా."

*

రైల్లో వల మూట ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. సెమినార్ హాలు గుమ్మం దగ్గర బల్ల. దాని మీద పుస్తకాల దొంతరలు. క్రిస్టినా జిగురు సీసా ముందు పెట్టుకుని ఒక్కో పుస్తకంలో చిన్న కాగితం అతికిస్తోంది. నన్ను చూడలేదు.

ఒక పుస్తకం తీశాను. నలభై ఒకటో పేజీకి ఎదర తప్పొప్పుల పట్టిక. తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ. 'తప్పు: లోకల్ లేబర్. ఒప్పు: కె. రాజ్ కుమార్, కె. మరియమ్మ, కలిదిండి. ఈ తెర వీరు కనిపెట్టినది. వ్యాసానికి మొదటి పేరు రాజ్ కుమార్‌ది, రెండోది మరియమ్మది, మూడోది క్రిస్టినాది.' ప్రసాదరావు గారి పేరు ఒప్పుల్లో లేదు.

ఆయన అప్పుడే వచ్చారు. గొంతు చాలా మెత్తన.

"ఏంటమ్మా ఇది?"

"తప్పు దిద్దుతున్నానండి."

"ఎవరు దిద్దమన్నారు?"

"తప్పు పడితే పట్టిక వెయ్యాలని క్లాసులో మీరే చెప్పారండి."

"ఇంటర్వ్యూ గుర్తుందా?"

"ఉందండి. ఇరవై ఎనిమిది."

"మరి?"

"ఇంకా ఎనభై పుస్తకాలున్నాయండి. మీరు కాస్త పక్కకి జరిగితే వెలుతురు వస్తుంది."

ఆయన జరగలేదు. నేను వల మూట బల్ల మీద పెట్టాను. అప్పుడు తిరిగి నన్ను చూశారు.

"ఎవరీయన?"

"లోకల్ లేబరండి" అన్నాను.

ఆయన లోపలికి వెళ్ళిపోయారు. నేను పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను. క్రిస్టినా ఇంకో పుస్తకం తెరిచింది. సీసా నేను తీసుకున్నాను.

"జిగురు తక్కువ రాయండి" అంది, తల ఎత్తకుండా. "పేజీ ముడత పడుతుంది."

"ఊడిపోకూడదు కదండి. ఎక్కువే రాస్తాను."

మధ్యాహ్నం వల కట్టాం. కొల్లేరు నిలబడింది. వల ఎక్కడిదని ముందు వరుసలో ఎవరో అడిగితే, ఆమె మైకు నా చేతికిచ్చింది. తెలుగులో చెప్పాను. అందరికీ అర్థమైంది.

ఇరవై ఎనిమిదిన ఆమెకు ఉద్యోగం రాలేదు. ఉన్న కాంట్రాక్టూ పోయింది. ప్రసాదరావు గారిని నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించమని మా పాస్టరు గారు రెండుసార్లు చెప్పారు. పాస్టరు గారి పేరెవరూ కొట్టెయ్యలేదు, చెబుతారు.

*

జనవరి చివర్లో మళ్ళీ కలిదిండి వచ్చింది. వేరే యూనివర్సిటీలో పోస్టు పడిందట. అప్లికేషన్ చూపించింది. అన్నిటికంటే పైన ఆ పట్టిక కాగితమే పెట్టింది.

"ఇది చూసి పిలవరేమోనండి" అన్నాను.

"చూసి పిలిచేవాళ్ళ దగ్గరే చేస్తాను."

అమ్మ పెరట్లో వల ఆరేస్తోంది. క్రిస్టినా అటే చూస్తూ అంది, "మన పేర్లు పక్కపక్కన వేయించడానికి ఇంకో చోటుంది."

"ఎక్కడండి?"

"చర్చిలో. మూడు ఆదివారాలు చదువుతారు. కొట్టెయ్యడానికి అక్కడ గైడు ఉండడు."

పెళ్ళికి ముందు చదివే ప్రకటన గురించని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. పదో తరగతి కదా.

"అభ్యంతరం ఉంటే చెప్పమంటారు కదండి అక్కడ" అన్నాను.

"మీకుందా?"

"ఒకటుంది. అక్కడా నా పేరే ముందొస్తుంది."

"అందుకే పట్టికలో ముందు వేసి అలవాటు చేశాను."

వాళ్ళ నాన్న ఎలీయాజరు మాస్టారు పెంటపాడు నుంచి వచ్చారు. నా చదువు అడుగుతారని సిద్ధంగా ఉన్నాను. "ఉన్న ఉద్యోగం చేతులారా పోగొట్టుకున్న పిల్లండి. తెలిసే చేసుకుంటున్నారా?" అన్నారు. తెలిసేనన్నాను. కాఫీ తాగారు.

మూడో ఆదివారం మా చర్చిలో పాస్టరు గారు పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పాలన్నారు. ముందు వరుసలో మా అమ్మ లేచి నిలబడింది. పాస్టరు గారు కంగారు పడ్డారు. క్రిస్టినా నా వైపు చూసింది. అమ్మ వెనక్కి తిరిగి, తలుపు దాకా ఒక్కో వరుసనూ, ఒక్కో ముఖాన్నీ చూసుకుంటూ వెళ్ళింది. తొందరపడలేదు.

"ఎవరూ లేరండి" అంది. "ఆ పేర్లు ఇంకోసారి చదవండి."