సగం దారి గుంజ

షిల్డన్ గనుల బొగ్గును టీస్ నది రేవులో దింపి, ఖాళీ బండ్లతో తిరిగి వస్తున్నాం. నవంబరు నెల, మధ్యాహ్నం మూడు గంటలు. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే నా ఇంజను పొగగొట్టం నాకే కనిపించడం లేదు. తడి బొగ్గు వాసన, ఇరుసులకు పూసిన కొవ్వు కాగుతున్న వాసన. పొయ్యి దగ్గర ఏమస్ హెస్లర్ బొగ్గు వేస్తున్నాడు. ఏడాదిగా నాతో పనిచేస్తున్నా, అవసరమైతే తప్ప నోరు విప్పడు.

మాది ఒంటి దారి. పక్కకు తప్పుకోవడానికి అక్కడక్కడా మరో జత పట్టాలుంటాయి. అలాంటి రెండు చోట్లకు సరిగ్గా మధ్యలో ఒక గుంజ పాతారు. ఇంజన్లు ఎదురుపడితే, గుంజ ముందు దాటినవాడిదే దారి. రెండోవాడు వెనక్కి పోవాలి. దీని మీద పళ్లు రాలిన తగువులు బోలెడు.

కిందటి చలికాలం నేనూ ఏమస్ వాళ్లన్న జేకబూ ఇక్కడే ఎదురుపడ్డాం. గుంజ దాటినవాడు జేకబ్. నేను దాటలేదు. అయినా నేనే దాటానని దబాయించాను. వాడి పుట్టుకను తిట్టాను. ఇనప కడ్డీ ఎత్తాను. చివరికి వాడే తగ్గాడు. నిండు బండ్లను ఎగువకు నెట్టాలంటే ఆవిరి చాలదు. అందుకని బాయిలరు మీద ఆవిరి వదిలే మూతను తాడుతో బిగించి కట్టాడు. రెండు వందల గజాలు పోయాడో లేదో, బాయిలరు పేలింది. జేకబ్ టోపీ కూడా దొరకలేదు. విచారణలో బైబిలు మీద చెయ్యి వేసి, గుంజ దాటింది నేనేనని చెప్పాను.

ఈసారి గుంజను నిజంగానే దాటాను. ఆ తరవాతే ఎదురుగా ఊపిరి వినిపించింది. నిలబడిన ఇంజను ఆవిరి విడుస్తున్న చప్పుడు.

ఆపాను. వెనక్కి పొమ్మని కేకేశాను. దిగి పట్టాల మధ్య నడిచాను. పొగమంచులోంచి ఒక బాయిలరు బయటపడింది. చెయ్యి వేశాను... మంచుగడ్డలా ఉంది. లోపల మాత్రం నీళ్లు కుతకుతా మరుగుతున్నాయి. పక్కన నా అంత పొడుగున చీలిక. అందులోంచి చూశాను. నిప్పు లేదు. చీకటి.

"రాల్ఫ్..." పైనుంచి గుసగుస. "ఆ రోజు గుంజ దాటావా?"

నా వెనక కంకర కదిలింది. ఏమస్ వచ్చి నిలబడ్డాడు, చేతిలో పారతో.

దాటానని చెప్పబోయాను... చీలికలోంచి సెగ వచ్చి మొహానికి కొట్టింది. నా కనుబొమలు కాలిన వాసన.

"లేదు, జేకబ్."

"అయితే వెనక్కి పో."

పోయాం. అది మా ముందే, బారెడు దూరంలో వస్తూనే ఉంది. తప్పుకునే చోటు రాగానే పక్క పట్టాల మీదికి వెళ్లాం. ఆపైన అది కనిపించలేదు. నేల అదిరింది. దాని బండ్లు ఒక్కొక్కటే దాటుతున్న చప్పుడు. ఇరవై... నలభై... అంతులేదు.

"నాకు అప్పుడే తెలుసు," అన్నాడు ఏమస్, నా వైపు చూడకుండా. "ఆ సాయంత్రమే వెళ్లి చూశాను. నీ ఇంజను బూడిద గుంజకి ఇవతలే రాలి ఉంది."

మరి ఏడాదిగా ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

"నీ నోటితో వినాలని."

పార నా కాళ్ల దగ్గర పడేసి పొగమంచులోకి నడిచి వెళ్లిపోయాడు. చీకటి పడుతున్నా ఆ బండ్లు దాటుతూనే ఉన్నాయి. ఇంజను అక్కడే వదిలేసి, పొలాలకు అడ్డం పడి ఇంటికి పరుగెత్తాను.

పొద్దున్నే పట్టాలు చూసే ముసలి టోబీ వచ్చి తలుపు తట్టాడు. ఒక్క రాత్రిలో పట్టాలు కత్తి అంచుల్లా అరిగిపోయాయట. నూరేళ్లు బండ్లు నడిచినా అంత అరగవన్నాడు. రేవు దాకానా అని అడిగాను. కాదన్నాడు. మా ఇంటి వెనక మలుపు దాకానే.

వెళ్లి చూశాం. మలుపు దగ్గర పట్టాలు వదిలి, గడ్డిలో రెండు లోతైన గాడులు పడి ఉన్నాయి. అవి మా వెనక గుమ్మం దాకా వచ్చాయి. తిరిగి వెళ్లిన జాడ లేదు.