ఖాళీ గళ్ల పటం

పొద్దుగూకేసరికి శేరిగూడ ఇంజినీరింగ్ కాలేజీ బస్సులన్నీ వెళ్లిపోయాయి. ల్యాబ్‌లో నవత ఒక్కతే మిగిలింది, ఎదురుగా ప్రాజెక్టు జతగాడు సిద్ధార్థ ల్యాప్‌టాప్. అందులో చంద్రుడి పటం. సూర్యుడు భగ్గుమన్నప్పుడల్లా చంద్రుడి నేల నుంచి ఎక్స్‌రేలు వెలువడతాయి. చుట్టూ తిరిగే ఉపగ్రహం వాటిని పట్టుకుని, ఎక్కడ ఇనుముందో, ఎక్కడ కాల్షియముందో చెబుతుంది. ఇద్దరూ కలిసి ఆ లెక్కలను పటంలో ఒక్కో గడికీ ఒక్కో రంగుగా మారుస్తుండగానే డెంగీ జ్వరం సిద్ధార్థను ఎత్తుకుపోయింది.

పోయిన మూడోనాడు పిట్టకు పెడితే ఒక్క కాకీ ముట్టలేదు. అతనికిష్టమైన మటన్ కూర విస్తరిలోనే ఎండిపోయింది. తీరని కోరికేదో ఉందని చుట్టాలు ఒక్కొక్కరూ ఏదో మాటిచ్చి చూశారు. చివరికి నవత దండం పెట్టి, పటం తాను పూర్తి చేస్తానంది. అప్పుడు దిగింది కాకి. సిద్ధార్థ తల్లి నర్సమ్మ ఆమెను పట్టుకుని ఏడ్చింది.

"నీ మాట మీదనే పోయిండు బిడ్డా. మాట తప్పకు."

మాటివ్వడానికేం, నోరుంటే చాలు. సూర్యుడు చల్లగా ఉన్న రోజుల్లో ఉపగ్రహానికి ఏమీ చిక్కలేదు, ఆ గళ్లన్నీ ఖాళీ. కొత్త లెక్కలు వచ్చేదాకా ఆగాలి. కానీ తెల్లారితే పటం కాలేజీకి ఇచ్చెయ్యాలి. నవత చుట్టుపక్కల గళ్ల సగటు తీసి ఖాళీల్లో కుక్కేసింది. చంద్రుడి మీదికెళ్లి ఎవడు చూస్తాడులే అనుకుంది.

సేవ్ చేసి తెరిచింది. ఖాళీ.

మళ్లీ నింపింది. మళ్లీ ఖాళీ...

ఇంతలో కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. వానకు తడిసిన చితి బూడిద వాసన... నవతకు భయమేసింది, అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది.

ఫోన్ మోగింది. ఇబ్రహీంపట్నం నుంచి నర్సమ్మ.

"పటం ఏం చేసినవ్ బిడ్డా?" గుసగుసగా అడిగింది.

"ఏం చెయ్యలే అమ్మా."

"మరి వీడెందుకు వాపసొచ్చిండు?"

నవత ఫోన్‌ను చెవికి అదుముకుంది.

"లోపలి అర్రల కూసున్నడు. పిలిస్తే పలుకుతలేడు. వేళ్లతోని ఏదో కొడుతున్నడు..."

ఫోన్లో వినబడింది. టక్... టక్... టక్...

తెర మీద, ఒక్కో చప్పుడుకూ ఒక్కో గడి నిండుతోంది. నవత చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

చప్పుడు ఆగింది. ఒక్క గడి మిగిలింది.

"లేచి బయటికి పోయిండు," అంది నర్సమ్మ. "పోతపోత, మిగిలింది నీతోనే చేయిస్తనన్నడు."

నవత కీబోర్డు మీద చెయ్యి పెట్టింది. మీటలన్నీ వెచ్చగా ఉన్నాయి, ఇప్పుడే ఎవరో వేళ్లు తీసినట్టు.